మీ ప్రశ్నలు – మా జవాబులు: యూరప్‌లో రైలు ప్రయాణం

వేసవి సెలవులకి యూరప్ వెళ్లాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి బాగా వచ్చాయి, అందులో సగానికి పైగా రైలు టికెట్ల గురించే. అన్నిటికీ వేయలేం కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి తీసుకున్నాను.

ప్ర: మే నెలలో 16 రోజులు వెళ్తున్నాం. పారిస్‌లో దిగి, ఇంటర్‌లాకెన్, వెనిస్, ఫ్లోరెన్స్ చూసుకుని రోమ్ నుంచి తిరుగు విమానం. నేను, మావారు, పదేళ్ల బాబు, 66 ఏళ్ల మా అత్తయ్యగారు. ట్రావెల్ ఏజెంటు నలుగురికీ యూరైల్ గ్లోబల్ పాస్ (యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి కలిపి ఒకే పాస్) కొనమంటున్నాడు, అదుంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చట. నిజమేనా? – విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జ: సగమే నిజం అండి. మిగతా సగం చెప్పకపోవడం వల్లే చాలామంది అక్కడికెళ్లాక రెండోసారి డబ్బులు కడుతున్నారు.

ముందు మీ ప్రయాణం లెక్క వేద్దాం. పారిస్ నుంచి బాసెల్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ ఒకరోజు, ఇంటర్‌లాకెన్ నుంచి మిలాన్ మీదుగా వెనిస్ ఒకరోజు, వెనిస్ నుంచి ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్ నుంచి రోమ్. పెద్ద ప్రయాణాలు నాలుగే. గ్లోబల్ పాస్‌లో అన్నిటికన్నా చిన్నది నెలలో నాలుగు రోజులు వాడుకునేది, ఆఫర్లు లేనప్పుడు పెద్దవాళ్లకి అది 250 యూరోలు దాటుతుంది. 60 ఏళ్లు నిండినవాళ్లకి పది శాతం తగ్గుతుంది. అన్నట్టు, 4 నుంచి 11 ఏళ్ల దాకా పిల్లలకి పెద్దవాళ్లతో కలిసి వెళ్తే పాస్ ఉచితం, ఒక్కో పెద్దవాళ్లతో ఇద్దరు పిల్లల దాకా. కాబట్టి మీ ఏజెంటు బాబు పాస్‌కి కూడా డబ్బులు అడిగి ఉంటే ఎందుకని అడగండి.

పాస్ కొన్నాక కూడా ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా అనే వేగం రైళ్లు, లండన్ వెళ్లే యూరోస్టార్, రాత్రి రైళ్లు, వీటన్నిటికీ సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. ఫ్రెచ్చారోస్సాకి మనిషికి 10 యూరోల పైన, పారిస్ నుంచి బాసెల్ వెళ్లే టీజీవీ లిరియాకి ఇంకా ఎక్కువ. పైగా కొన్ని రైళ్లలో పాస్ ఉన్నవాళ్లకి ఇన్ని సీట్లే అని కోటా ఉంటుంది, అది అయిపోతే రైల్లో ఖాళీలున్నా మీకు దొరకదు. ఇటలీలో ఇటాలో అనే ప్రైవేటు కంపెనీ రైళ్లు కూడా తిరుగుతాయి, వాటిలో యూరైల్ పాస్ అసలు చెల్లదు.

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒకటే. యూరప్‌లో రైళ్లు రెండు రకాలని అనుకోండి. ఒక రకం విమానం లాంటిది, సీటు ఖాయం, రైలు ఖాయం, ముందు కొంటే చవక, ఆఖర్న కొంటే రెండింతలు మూడింతలు. టీజీవీ, ఫ్రెచ్చారోస్సా, ఇటాలో, యూరోస్టార్ ఈ రకం. రోమ్–ఫ్లోరెన్స్ గంటన్నర ప్రయాణం, రెండు మూడు నెలల ముందు చూస్తే 20 యూరోల దగ్గర్లో కనబడే టికెట్ ప్రయాణం రోజున 50 దాటి ఉంటుంది. రెండో రకం మన జనరల్ టికెట్ లాంటిది, ధర మారదు, సీట్లు అయిపోవడం ఉండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొని ఎక్కొచ్చు. ఇటలీ రీజినల్ రైళ్లు, దాదాపు మొత్తం స్విట్జర్లాండ్ ఈ రకం. మొదటి రకాన్ని ముందు కొనండి, రెండో రకం గురించి ఇంట్లో కూర్చుని టెన్షన్ పడకండి.

మీ నాలుగు ప్రయాణాలకీ విడివిడి టికెట్లే నయం అని నా అభిప్రాయం. పారిస్–బాసెల్, మిలాన్–వెనిస్, వెనిస్–ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్–రోమ్, ఇవి బుకింగ్ తెరిచిన వారాల్లోనే చూసుకోండి. మామూలుగా మూడు నుంచి ఆరు నెలల ముందు తెరుస్తారు. ఒకటి గుర్తుంచుకోండి, ఏటా డిసెంబరు రెండో వారాంతంలో యూరప్ అంతటా టైంటేబుల్ మారుతుంది, అందుకని ఆ తేదీ తర్వాతి రైళ్లు కొన్నిసార్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. రైళ్లు కనబడలేదంటే ఆ రూటే లేదని కాదు.

పాస్ ఎవరికి పనికొస్తుంది అంటే, ఈరోజు ఎటు వెళ్లాలో ఈ ఉదయమే అనుకునేవాళ్లకి, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ లాంటి రిజర్వేషన్ పెద్దగా అక్కర్లేని దేశాల్లో ఏడు, పది రోజులు తిరిగేవాళ్లకి, పన్నెండేళ్ల లోపు పిల్లలతో అలా ఎక్కువ తిరిగే కుటుంబాలకి, 27 ఏళ్ల దాకా ఉన్న కుర్రాళ్లకి (వాళ్లకి యూత్ ధర ఉంది). వాళ్లకి నేనే కొనమని చెప్తాను.

ఇక స్విట్జర్లాండ్. ఇక్కడ లెక్క వేరు, మీరు కొండలెక్కుతారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది, రైళ్లు, బస్సులు, సరస్సుల మీద పడవలు, ఊళ్లలో ట్రాములు, మ్యూజియంలు అన్నీ అందులోనే. రిగీ కొండ కూడా పాస్‌లోనే వస్తుంది. కానీ అందరూ వెళ్లాలనుకునే యుంగ్‌ఫ్రౌయోక్ (3,454 మీటర్ల ఎత్తులో ఉంది, 1912 నుంచి రైలు నడుస్తోంది) మాత్రం పూర్తిగా రాదు, గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా పాస్, అక్కడినుంచి పైకి 25 శాతం తగ్గింపు మాత్రమే. అదే హాఫ్ ఫేర్ కార్డు తీసుకుంటే నెల రోజులు దాదాపు అన్ని టికెట్లూ సగం ధరకి, యుంగ్‌ఫ్రౌయోక్ కూడా సగానికే. ఇంటర్‌లాకెన్‌లోనే ఉండి రెండు కొండలు ఎక్కేవాళ్లకి చాలాసార్లు హాఫ్ ఫేర్ కార్డే కలిసొస్తుంది, రోజూ లుసెర్న్, బెర్న్, జూరిక్ అని తిరిగేవాళ్లకి ట్రావెల్ పాస్. ఏది కొన్నా బాబుకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా అడిగి తీసుకోండి, 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లి లేదా తండ్రితో ఉంటే రైళ్లలో టికెట్ ఉండదు. నానమ్మతో ఒక్కణ్ణే పంపితే అది వర్తించదు, అది చూసుకోండి.

స్విస్‌లో మామూలు రైళ్లకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్ లాంటి అద్దాల పెట్టెల రైళ్లకే కావాలి. ఆ పట్టాల మీదే మామూలు రైళ్లు కూడా వెళ్తాయి, అవే కొండలు, అవే వంతెనలు, కిటికీ కూడా తెరుచుకుంటుంది చాలా వాటిలో. నాకైతే అవే ఇష్టం.

ప్ర: టికెట్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ పేర్ల దగ్గరే తికమకగా ఉంది. వెనిస్‌కి రెండు స్టేషన్లు చూపిస్తోంది, పారిస్‌కి ఐదారు. – కాకినాడ

జ: మంచి ప్రశ్న అండి, తప్పులు ఎక్కువ ఇక్కడే జరుగుతాయి. వెనిస్ మెస్త్రే అంటే నేల మీద ఉన్న ఊరు, పడవలూ కాలవలూ కనబడవు. నీళ్ల మధ్య ఉన్న అసలు వెనిస్‌కి వెనేజియా శాంటా లూసియా అని ఉన్నదే తీసుకోవాలి. హోటల్ మెస్త్రేలో ఉంటే మాత్రం అక్కడే దిగండి, చవక హోటళ్లన్నీ అటే ఉంటాయి.

పారిస్‌లో గార్ ద లియాన్ అంటే లియాన్ ఊరి స్టేషన్ కాదు, పారిస్ నగరంలోనే ఉంది, లియాన్ వైపు, స్విట్జర్లాండ్ వైపు వెళ్లే రైళ్లు అక్కడ బయల్దేరతాయి. లండన్ నుంచి వచ్చే యూరోస్టార్ గార్ దు నార్‌లో ఆగుతుంది. రెండింటికీ మధ్య ఆర్‌ఈఆర్ డి లైన్‌లో (పారిస్ లోకల్ రైలు) రెండే స్టాపులు, కానీ పెట్టెలతో దిగి, మెట్లెక్కి, ప్లాట్‌ఫారం వెతుక్కోవడానికి గంటన్నర వదులుకోండి. ఇంటర్‌లాకెన్‌కి ఓస్ట్, వెస్ట్ అని రెండున్నాయి, గ్రిండెల్‌వాల్డ్, లౌటర్‌బ్రూనెన్ వైపు రైళ్లు ఓస్ట్ నుంచి.

ఇంకోటి, ఇంగ్లిషు పేరు బోర్డు మీద ఉండదు. ఫ్లోరెన్స్‌ని ఫిరెంజె అని రాస్తారు, పెద్ద స్టేషన్ పేరు శాంటా మరియా నొవెల్లా. వియన్నా అంటే వీన్, మ్యూనిక్ అంటే మ్యూన్‌షెన్, కొలోన్ అంటే కెల్న్. ఫోన్లో ఒక నోట్‌లో ఊరికి ఎదురుగా అక్కడి పేరు రాసుకుని పెట్టుకోండి, ప్లాట్‌ఫారం మీద హడావుడిలో ఇది చాలా పనికొస్తుంది.

ప్ర: వీసా ఇంకా రాలేదు. ఈలోపు టికెట్ల ధరలు పెరిగిపోతున్నాయి. కొనేయమంటారా? – హైదరాబాద్, కూకట్‌పల్లి

జ: షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. చాలామంది రెండు నెలల ముందు దాకా ఆగి, అపాయింట్‌మెంట్ దొరక్క, ఇటు టికెట్లు పెరిగిపోయి, రెండు వైపులా ఇబ్బంది పడతారు. వచ్చే వేసవికి వెళ్లాలనుకునేవాళ్లు వీసాని జనవరిలోనే మొదలుపెడితే ఈ ప్రశ్నే రాదు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి.

వీసాకి రైలు టికెట్లు కొని చూపించాల్సిన పని సాధారణంగా ఉండదు, ఏ తేదీన ఏ ఊరి నుంచి ఏ ఊరికి అని ప్లాన్ శుభ్రంగా టైపు చేసి, హోటళ్లు రద్దు చేసుకునేలా బుక్ చేసి పెడితే సరిపోతుంది. వాపసు రాని టికెట్ వీసా చేతికి రాకముందు కొనకండి. మరీ భయంగా ఉంటే, వాపసు లేదా మార్పు ఉన్న టికెట్ రకం కొంచెం ఎక్కువ పెట్టి కొనండి, షరతు పూర్తిగా చదివి. చవకైన టికెట్ పోగొట్టుకున్న బాధ పదిరోజుల్లో పోతుంది, నలుగురి టికెట్ల డబ్బులు పోతే ఆ ట్రిప్ మీదే మనసు విరిగిపోతుంది, అలా జరిగినవాళ్లని చూశాను.

కొనేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోండి, పరిమితి కూడా పెంచుకోండి. కొన్ని రైల్వే సైట్లలో మన కార్డులు తిరస్కరిస్తాయి, మూడుసార్లు ప్రయత్నించి వదిలేసి ట్రైన్‌లైన్, రైల్ యూరప్ లాంటి టికెట్లు అమ్మే సైట్లలో కొనండి, కాస్త బుకింగ్ ఫీజు పడుతుంది అంతే. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు, సొంతపేరు తారుమారు చేయకండి.

ప్ర: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. మేమిద్దరం జూన్‌లో వెళ్తున్నాం. వాడికి ఇంటర్‌రైల్, మాకు యూరైల్ కొనాలంటున్నాడు. రెండూ వేరా? డాయిష్‌లాండ్ టికెట్ అని ఇంకోటి చెప్తున్నాడు. – వరంగల్

జ: మీ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. యూరప్‌లో నివసించేవాళ్లకి ఇంటర్‌రైల్, బయటినుంచి వచ్చేవాళ్లకి యూరైల్. పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నది కాదు, ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. ముగ్గురూ ఒకే రైల్లో కూర్చోవచ్చు. కాకపోతే ఇంటర్‌రైల్‌తో తను ఉండే జర్మనీ లోపల బయటికెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఒకటి, రెండు ప్రయాణాలే చేయొచ్చు. మీకు ఆ పరిమితి లేదు.

డాయిష్‌లాండ్ టికెట్ జర్మనీ అంతటా చెల్లే నెలవారీ టికెట్. రీజినల్ రైళ్లు, సిటీ బస్సులు, మెట్రోలు అన్నీ వస్తాయి, ఐసీఈ, ఐసీ లాంటి వేగం రైళ్లు రావు. మ్యూనిక్‌లో కొడుకు దగ్గర పదిహేను రోజులు ఉండేవాళ్లకి ఇది చాలా మంచిది, ఫ్యూసెన్ వెళ్లి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూసి రావచ్చు, రీజినల్ రైల్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా కూడా చెల్లుతుంది. అది సబ్‌స్క్రిప్షన్, ఆపేయకపోతే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి, ఆ నెల పదో తేదీలోపు రద్దు చేయమని అబ్బాయికి గుర్తుచేయండి.

ప్ర: రైలు లేటై తర్వాతి రైలు తప్పిపోతే టికెట్ పోయినట్టేనా? – బెంగళూరులో ఉంటున్న తెలుగు పాఠకుడు

జ: టికెట్ ఎలా కొన్నారన్నదాని మీద ఉంటుంది. మొదటి ఊరి నుంచి ఆఖరి ఊరి దాకా ఒకే టికెట్‌గా కొంటే, మధ్యలో రైలు తప్పినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత రైల్వేది. నాలుగైదు యూరోలు మిగుల్తాయని ముక్కలు ముక్కలుగా కొంటే, రెండో టికెట్ వాళ్లు మొదటి రైలు లేటైందని పట్టించుకోనక్కర్లేదు. గంట దాటి లేటైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే సగం వాపసు అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఉంది, తుఫాను లాంటి కారణాలకి మినహాయింపులున్నాయి.

జర్మనీ రైళ్లు టైముకి వస్తాయన్న పాత పేరు నమ్ముకోకండి. 2024లో అక్కడి దూర ప్రయాణ రైళ్లలో టైముకి చేరినవి 62.5 శాతమే. అందుకని జర్మనీలో రైలు మారేచోట ఎనిమిది నిమిషాలే గ్యాప్ చూపిస్తే ఒప్పుకోకండి, కనీసం అరగంట ఉండే రైలు వెతుక్కోండి. స్విట్జర్లాండ్‌లో మాత్రం ఆరు నిమిషాల గ్యాప్ అయినా ధైర్యంగా దిగి ఎక్కొచ్చు, రైళ్లన్నీ ఒకదానికొకటి కలిసేలా టైంటేబుల్ వేస్తారు, తప్పినా చాలాచోట్ల అరగంటకో గంటకో మళ్లీ ఉంటుంది. విమానం పట్టుకోవాల్సిన రోజు ఏ దేశంలో అయినా సరే ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరిపోండి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో సమ్మెలు కూడా జరుగుతుంటాయి, ముందుగానే ప్రకటిస్తారు, వారం ముందు ఒకసారి చూసుకోండి.

ప్ర: మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. పెట్టెలు మోయడానికి అక్కడ కూలీలు ఉంటారా? – నెల్లూరు

జ: దాదాపు ఎక్కడా ఉండరు, ఎవరి పెట్టె వాళ్లదే. ఇదొక్కటీ ముందే తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది. మనిషికి ఒక మధ్య సైజు పెట్టె, భుజానికి ఒక బ్యాగు, అంతకు మించి వద్దు. కొన్ని రైళ్లలో మూడు మెట్లు ఎక్కాలి, రైలు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది.

నాన్నగారి కోసం సహాయం అడగండి. నడవడం కష్టమైనవాళ్లకి స్టేషన్లో వీల్‌చైరు, ఎక్కించడం, దింపడం ఉచితంగా చేసే ఏర్పాటు ఉంది, యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 24 గంటల ముందు చెప్పాలి. రెండు మూడు రోజుల ముందే చెప్పేయండి, మనశ్శాంతి. అడగడానికి మొహమాటపడకండి, ఆ వయసులో యూరప్ చూడాలని బయల్దేరిన మనిషిని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తించడం ఎందుకు.

టీజీవీ తలుపులు బయల్దేరే టైముకి రెండు నిమిషాల ముందే మూసేస్తారు. ప్లాట్‌ఫారం నంబరు మాత్రం చాలాచోట్ల ఇరవై నిమిషాల ముందు గానీ బోర్డు మీద పడదు. మీ బోగీ నంబరు ప్రకారం ప్లాట్‌ఫారం మీద ఎక్కడ నిలబడాలో ముందే చూసుకోండి. జర్మనీలో కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి, ఉదాహరణకి బెర్లిన్ నుంచి వచ్చే కొన్ని ఐసీఈలు హామ్ స్టేషన్లో విడిపోయి వేరువేరు ఊళ్లకి వెళ్తాయి. ఖాళీగా ఉందని ఏదో ఒక పెట్టెలో ఎక్కి కూర్చోకండి, తలుపు పక్కన రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి.

ప్ర: ఇటలీలో టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారని విన్నాం, నిజమా? – గుంటూరు

జ: నిజం, మేమే కట్టాం. ఫ్లోరెన్స్ నుంచి పీసా వెళ్దామని స్టేషన్లో కాగితం టికెట్లు కొని, జేబులో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాం. టీసీ వచ్చి టికెట్ చూసి, స్టాంపు ఏదని అడిగాడు. రీజినల్ రైళ్ల కాగితం టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి తేదీ, టైము ముద్ర వేయించుకోవాలి, లేకపోతే ఆ టికెట్‌ని మళ్లీ వాడుకోవచ్చు కదా, అందుకే ఆ నియమం. తెలియదన్నాం, పిల్లలున్నారన్నాం, ఫైన్ తప్పలేదు. ఫోన్లో కొన్న రీజినల్ టికెట్‌కైతే ఎక్కేముందు చెక్-ఇన్ నొక్కాలి. ఫ్రెచ్చారోస్సా లాంటి సీటు నంబరున్న టికెట్లకి ఇదేమీ అక్కర్లేదు. మిషన్ పనిచేయకపోతే ఎక్కిన వెంటనే మీరే టీసీ దగ్గరికి వెళ్లి చెప్పండి.

ప్ర: లండన్‌లో మా అక్కావాళ్లింట్లో దిగి, అక్కడినుంచి పారిస్ రైల్లో వెళ్లొద్దామని. విమానంలా హడావుడి ఉండదు కదా? – తిరుపతి

జ: కొంచెం ఉంటుందండి. యూరోస్టార్‌కి లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో సామాను తనిఖీ, పాస్‌పోర్టు తనిఖీ రెండూ ఉంటాయి, ఫ్రాన్స్ అధికారులు అక్కడే చూసేస్తారు, కాబట్టి విమానానికిలా మరీ ముందు అక్కర్లేదు గానీ గంట ముందైనా వెళ్లండి. మీకు బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా రెండూ వేరువేరుగా కావాలి. తిరిగి లండన్ రావాలి కాబట్టి బ్రిటన్ వీసా ఎన్నిసార్లు ప్రవేశించడానికి ఇచ్చారో, ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. టికెట్ నెలల ముందు కొంటే ఒక ధర, వారం ముందు ఇంకో ధర, ఇది పక్కా విమానం రకం.

ప్ర: వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ ఉంటాయా? – కర్నూలు

జ: మన పద్ధతిలో ఉండవు. సీటు ఉంటే కొంటారు, లేదంటే వేరే రైలు చూసుకుంటారు. తత్కాల్ కోటా కూడా లేదు, ఆఖరి నిమిషంలో దొరుకుతుంది గానీ ఖరీదుగా దొరుకుతుంది. జర్మనీ ఐసీఈల్లో రిజర్వేషన్ లేకుండా కూడా ఎక్కొచ్చు, సీటు పైన చిన్న బోర్డులో ఊళ్ల పేర్లు వెలుగుతుంటే అది ఎవరిదో, ఖాళీగా ఉంటే కూర్చోవచ్చు. కుటుంబంతో వెళ్లేవాళ్లు మాత్రం రిజర్వేషన్ కొనుక్కోండి, తలో పెట్టెలో కూర్చుంటే ప్రయాణం బాగోదు.

ప్ర: శాకాహారులం. రైల్లో ఇంటి భోజనం తినొచ్చా? – రాజమండ్రి

జ: హాయిగా తినొచ్చు, అక్కడివాళ్లు కూడా డబ్బాలు తెచ్చుకుని తింటారు. పులిహోర, చపాతీ, పొడులు బాగా పనికొస్తాయి, ఊరగాయ లాంటి వాసన గట్టిగా ఉండేవి మూసిన బోగీలో తెరవకండి. స్విట్జర్లాండ్‌లో ఆదివారం ఊళ్లో కొట్లు మూసేస్తారు గానీ పెద్ద స్టేషన్లలో కోప్, మీగ్రో లాంటి సూపర్‌మార్కెట్లు తెరిచే ఉంటాయి, పెరుగు, పళ్లు, రొట్టె అక్కడే కొనుక్కుని రైలెక్కండి.